సిద్దిరాములు కొత్త చిమ్టా

బోధన్ పాత బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే సిద్దిరాములుకు తన చేతుల మీదున్నంత నమ్మకం ఇంకెవరి మీదా లేదు. కంటికి అద్దం బిగించుకుని కూర్చున్నాడంటే, చీమ కాలంత మర అయినా సరే అతని మాట వినాల్సిందే.

ఆ ఏడు చెరకు సీజనులో ఒక సాయంత్రం గేర్ల సైకిలు మీద ఇంటికి పోతూ, అప్పుడే బాగుచేసిన గడియారం నడుస్తోందా లేదా అని చేతికేసి చూసుకుంటూ, ఆగి ఉన్న చెరకు బండిని వెనకనుంచి గుద్దేశాడు. మీద నాలుగు గడలు పడ్డాయి గానీ ఒంటికేమీ కాలేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, అదే చిమ్టా, మాత్రం వంగిపోయింది.

ఆ సైకిలంటే అతనికి ప్రాణం. లావు టైర్లు, తిన్నని హ్యాండిలు, కొండలెక్కే రకమని కంపెనీవాళ్ళు చెప్పుకునే బండి. బోధన్ చుట్టూ చెరకు చేలు తప్ప ఎక్కడానికి కొండలు లేవు. ఉంటే మాత్రం ఎక్కగలనని అతని ధీమా. మెకానిక్కుకు చూపిస్తే, "గిది మనూర్ల నడిచే బండి కాదన్నా" అని నవ్వాడు. ఆ నవ్వు సిద్దిరాములుకు ముల్లులా గుచ్చుకుంది. నిజామాబాద్ పోయి, స్ప్రింగుల షాకబ్జర్లున్న కొత్త చిమ్టా కొనుక్కొచ్చి, ఇంట్లోనే బిగిస్తానన్నాడు.

"నీకు అస్తదా?" అంది భార్య విమల, అరుగు మీద బీడీలు చుడుతూ.

"ఎంటికంత స్ప్రింగును గడియారంల కూసోవెట్టేటోన్ని. గీ గుంజంత స్ప్రింగు నాకు లెక్కనా?"

ఆదివారం పొద్దున్నే సైకిలును అరుగు మీద నిలబెట్టి పని మొదలుపెట్టాడు. గడియారంలో ఏది విప్పినా పెట్టినచోట బుద్ధిగా కూర్చుంటుంది. సైకిలుకు ఆ మర్యాద తెలియదు. హ్యాండిలు ఎంత లాగినా ఊడిరాలేదు. సుత్తితో ఒక్కటేస్తే ఊడి అతని ఒళ్ళోనే పడింది. పాత చిమ్టాను లాగేసరికి మెడలోని ఇనుప గోలీలు జలజలా రాలి, అరుగు మీద దొర్లి, విమల చాటలోని తంబాకులో దూరిపోయాయి.

"బీడీల ఇనుం అచ్చిందంటే కార్ఖానోల్లు నన్ను ఊకుంటరా? ముందుగాల ఇవి ఏరు!" అని విమల చాట అతని ముందుకు తోసింది.

జల్లెడ పట్టి తంబాకంతా జల్లించాడు. గోలీలు దొరికేలోపు తుమ్మి తుమ్మి అతని ముక్కు మిరపపండయింది.

ఆ తర్వాత పని సాఫీగానే సాగింది. గ్రీజు పూశాడు, గోలీలు పేర్చాడు, కొత్త చిమ్టాను మెడలో దూర్చి పానాతో బిగించాడు. చక్రం ఎక్కించాక చూస్తే, బ్రేకు బిగించే చోటు ముందుకు కాకుండా వెనక్కి, పెడళ్ళ వైపుకు వచ్చింది. కాసేపు తల గోక్కున్నాడు. బురద పడకుండా కంపెనీవాళ్ళు తెలివిగా వెనక పెట్టారనుకుని, తీగను వంకరటింకరగా తిప్పి బ్రేకు కూడా అక్కడే బిగించాడు.

"బిరేకు ఎన్కకున్నదేంది?" అంది విమల.

"కొత్త మాడల్. నీకు తెల్వది."

స్ప్రింగుల సైకిలు చూద్దామని గల్లీ జనం బయటికొచ్చి నిలబడ్డారు. సిద్దిరాములు పెండ్లికొడుకులా ఎక్కి కూర్చున్నాడు. సైకిలు గుంతల్లో ఊయలలా ఊగుతుంటే అందరూ భలే అన్నారు. గల్లీ చివర ఎడమకు మళ్ళించబోయాడు. కుడి కాలి వేళ్ళు వెళ్ళి ముందు టైరుకు తగిలాయి. కుడికి తిప్పాడు, ఎడమకాలు తగిలింది. దిగి చేత్తో తిప్పుకోవచ్చు. కానీ కొత్త మాడల్ అని అంత గట్టిగా చెప్పినవాడు, అందరూ చూస్తుండగా ఎలా దిగుతాడు? అసలు అటే పోవాలనుకున్నట్టు గంట కొట్టి, తిన్నగా నిజామాబాద్ రోడ్డెక్కేశాడు.

ఊరు దాటాక ఎవరూ లేనిచోట దిగి తిప్పుకుందామనుకున్నాడు. తీరా దిగబోతుంటే వెనకనుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించి వస్తున్న ఖాళీ ట్రాక్టరు పక్కకొచ్చింది. నడిపేది ఎడపల్లి పోశన్న. ఎడపల్లి సిద్దిరాములు అత్తగారి ఊరే.

"ఏడికే సిద్దిరాములన్నా, గింత జోరుగ?" అని అరిచాడు పోశన్న.

ఏం చెప్పాలో తోచక, "గిట్లనే... ఎడపల్లి దిక్కు" అనేశాడు.

"అత్తగారింటికా! మొత్తానికి అలక తీరింది గద! జెర మెల్లగ రా, నేను ముంగట పోయి చెప్త!" అని పోశన్న బండి ఉరికించాడు.

అలక మాట నిజమే. బామ్మర్ది లింబయ్య పెండ్లిలో, షర్బతుకు ఐసు తెమ్మని ఇతన్ని పంపి, వచ్చేలోపు అల్లుళ్ళందరితో గ్రూపు ఫోటో దిగేశారు. ఆల్బంలో తాను లేనప్పటినుంచి ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు. ఇప్పుడు వెనక్కి పోతే, సగం దూరం వచ్చి పారిపోయిండని ఎడపల్లంతా నవ్వుతుంది. పళ్ళు బిగించి తొక్కాడు.

అత్త భూమవ్వ రోడ్డు మీదకే ఎదురొచ్చింది. "రా బిడ్డా, రా! సైకిలు మీదనే అచ్చినవా! ఎంత పావురం, ఎంత ప్రేమ మా మీద!" అని కళ్ళొత్తుకుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి కోడిని కోయించింది. సిద్దిరాములు నోరు విప్పలేదు. తినేటప్పుడు మాత్రం ఇంకొంచెం వెయ్యమని మూడుసార్లు విప్పాడు, కూర అంత బాగుంది.

తిన్నాక లింబయ్య సైకిలు చుట్టూ తిరిగి, పక్కకొచ్చి, "బావా, చిమ్టా ఉల్టా వెట్టినవ్" అన్నాడు.

"మెల్లగ మాట్లాడు!"

"గిట్లయితే బండి మలుగదు గద?"

"మలిగితే నేను గిక్కడికెందుకొస్త?" అన్నాడు సిద్దిరాములు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

లింబయ్య పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. బావ ముఖం చూశాక నవ్వు ఆపుకుని పానాలు తెచ్చాడు. ఇద్దరూ కొట్టం వెనక కూర్చుని చిమ్టా విప్పారు. ఈసారి గోలీలు రాలకుండా లింబయ్య రుమాలు పట్టాడు.

"ఫోటో సంగతి నాకూ మనసుల ఉన్నది బావా," అన్నాడు తలెత్తకుండా. "అందరు మర్సిపోయిండ్రు. నేను గూడ. పెండ్లికొడుకును, సోయి లేకుండె."

సిద్దిరాములు పానా తిప్పుతూనే, "ఐసు మాత్రం మంచిగుండె గద?" అన్నాడు.

"మస్తుండె."

పొద్దుగూకేసరికి సైకిలు ఎటు తిప్పితే అటు తిరుగుతూ బోధన్ చేరింది. విమల గుమ్మంలోనే నిలబడి ఉంది. పోశన్న మళ్ళీ చెరకు దించడానికి వచ్చినప్పుడు, అతను ఎడపల్లి పోయి కోడికూర తిన్న సంగతి చెప్పిపోయాడు.

"మా అవ్వగారింటికి నన్ను ఇడిసిపెట్టి పోతవా? ఒక్కనివే కోడికూర తింటవా? ఇన్నొద్దులు నీ అలకకు నేను గూడ పోకపోతి గదా!"

చిమ్టా ఉల్టా పెట్టాననైనా ఒప్పుకోవాలి, లేకపోతే కావాలనే ఒంటరిగా పోయాననైనా ఒప్పుకోవాలి. సిద్దిరాములు రెండోదే నయమనుకుని, కావాలనే పోయానన్నాడు.

విమల అతనితో వారమంతా మాట్లాడలేదు. ఆదివారం తానే తయారై, అతన్ని కూడా తయారు కమ్మని సైగ చేసి, ఎడపల్లి బస్సెక్కింది. కిటికీ పక్క సీటు తాను తీసుకుని, పుట్టింట్లో పిల్లలకని కొన్న మిఠాయి పొట్లం అతని ఒళ్ళో పెట్టింది.