ఎడమ దారికి అడ్డకొమ్మ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. మాచర్ల వైపు నుంచి కొండల మీదుగా శ్రీశైలం పోయే కాలిబాటలో ఆ రోజు మేమిద్దరమే ఉన్నాం. ముందు భూషణం, వెనక నేను. పన్నెండేళ్లుగా శివరాత్రికి మా ఊరివాళ్లు అతని వెనకే నడుస్తున్నారు. ఈసారి నలభైమంది. వారం ముందు వచ్చి మొదటిరోజు నడవాల్సిన దారి చూసుకుపోవడం అతని అలవాటు. నేను ఊరికే తోడు వచ్చాననుకున్నాడు. నిజానికి అతని భార్య మల్లీశ్వరి పంపింది.

"ఆయనకు చూపు ఆనటల్లేదన్నయ్యా. అంతమందిని తీసకపోగలడో లేడో మీరే చూసి చెప్పండి" అంది.

పొద్దుటి నుంచి చూస్తున్నాను. ప్రతి మలుపూ ముందే చెబుతున్నాడు. "ఏందిరా, ముసలెద్దు మాదిరి రొప్పుతున్నావ్?" అని వెక్కిరించాడు కూడా. మల్లీశ్వరి పొరబడిందని సంతోషించాను. ఇక నేనేమీ చెప్పనక్కర్లేదన్నదే ఆ సంతోషంలో సగం. దారి అతని కాళ్లకు కంఠతా వచ్చునని అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం బాట రెండుగా చీలింది. వానలకు దారి తెగితే, ముందు పోయినవాళ్లు దానికి అడ్డంగా కొమ్మ వేసిపోతారు. వెనక వచ్చేవాళ్లు దాన్ని దాటరు. ఎడమ దారికి అడ్డంగా ఎండుకొమ్మ ఉంది. భూషణం దాన్ని తొక్కి, అలవాటైన ఎడమ దారినే పోయాడు.

నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. అతనే తెలుసుకుంటాడులే అనుకున్నాను. దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. నాలుగడుగులు పోయాక చెప్పడం మరింత కష్టమైంది. గంట గడిచాక ఇక చెప్పలేకపోయాను.

బాట తెగిన చోట అతని భుజం పట్టి వెనక్కి లాగాను. కింద తాడిచెట్టంత లోతు. అతని కర్ర తగిలిన రాయి చాలాసేపు దొర్లుతూ పోయింది.

"చీలిక కాడ కొమ్మ లేదా?"

"ఉంది."

"చూశావా?"

"చూశా."

అతను కూలబడి మొహం తుడుచుకున్నాడు. "నాకు కళ్లు లేవు సరే. నీకు నోరేమైందిరా?"

జవాబు కోసం వెతికాను. దొరికినవన్నీ నన్ను మంచివాణ్ణి చేసేవే.

"మల్లి పంపిందా?" అతనే అడిగాడు.

"ఆఁ."

"ఏం చెబుతావ్?"

"ముందు నడవొద్దని చెబుతా."

అతను లేచి కర్ర కొస నా చేతికిచ్చాడు. "అయితే పద. రాయొస్తే రాయని చెప్పు. మూగోడి మాదిరి నడవమాక."

చీలిక దగ్గర ఆగి, కొమ్మను కాలితో తడిమాడు. "నేనే తొక్కి ఇరగ్గొట్టా. పచ్చిది కొట్టుకురా."

తెచ్చాను. దాన్ని లాక్కుని, దారి వెడల్పు కర్రతో కొలిచి, తనే అడ్డంగా వేశాడు.

"సరిగ్గా పడిందా?"

పడలేదు. ఒక పక్క మనిషి దూరేంత సందు ఉంది.

"లేదు. ఇంకో మూరెడు కుడికి జరుపు" అన్నాను.