అరవై రెండో లీకు

మా సబ్బుల ఫ్యాక్టరీలో నాకు రెండు పేర్లున్నాయి. ముఖం మీద పిలిచేది ‘మేస్త్రీ’, వెనక పిలిచేది ‘చెవుల మామ’. రెండోదే నాకిష్టం, పైకి ఒప్పుకోను. ఇరవై నాలుగేళ్లుగా కంప్రెసర్ గది నాది. గాలిని నొక్కి పైపుల్లోకి తోసే యంత్రం అది. ఆ గాలి బలంతోనే సబ్బుల మీద కాగితం చుట్టే మరలన్నీ కదులుతాయి. దాని గొంతు కాస్త మారినా కంచం ముందు నుంచి లేచిపోతానని మా ఆవిడ ఫిర్యాదు.

ఆరు నెలల కిందట నా గదికి ఒక అమ్మాయి వచ్చింది. కంపెనీ కొత్తగా పెట్టిన పర్యావరణ విభాగమట. విభాగమంటే ఆమె, ఒక కుర్చీ, ఒక లాప్‌టాప్. మా సబ్బులు కొనే పెద్ద దుకాణాల వాళ్లు ఈ ఏడాది కార్బన్ ఎంత తగ్గించారో చూపించమన్నారు. పదో వంతు తగ్గిస్తామని మావాళ్లు మాటిచ్చేశారు. మాటిచ్చింది పెద్దలు, నిలబెట్టాల్సింది ఈ పిల్ల. మనకు పొగగొట్టమే లేదు కదమ్మా, ఏం తగ్గిస్తావని అడిగాను.

“మన పొగ వేరే ఊళ్లో వస్తోంది బాబాయ్, మన కరెంటు తయారయ్యే చోట,” అంది.

జవాబు బాగానే ఉంది. తర్వాత అన్నదే నచ్చలేదు. ఫ్యాక్టరీ కరెంటులో మూడో వంతు నా కంప్రెసరే తాగుతోందట, అది చేసిన గాలిలో నాలుగో వంతు ఎక్కడెక్కడో కారిపోతోందట. మా ఇంటి పిల్ల దొంగతనం చేసిందన్నంతగా మండింది నాకు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమే వచ్చింది. లీకుల చప్పుడు పట్టే పరికరం రావడానికి మూడు నెలలు పడుతుందని, దానికన్నా మీ చెవులే నయమని అందరూ అంటున్నారని, ఆదివారం వస్తారా అని అడిగింది. పొగడ్తకు పడనివాడెవడు? వస్తానన్నాను.

ఆదివారం పొద్దున మరలన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడిపించాం. ఫ్యాక్టరీ అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ లోపల నడవలేదు. అప్పుడు వినిపించింది. ఒక మూల బుస్సుమని, ఒక మూల ఈల, ఒక మూల ఎవరో పళ్ల సందుల్లోంచి ఊపిరి పీలుస్తున్నట్టు. నా పొగరు సగం అక్కడే దిగింది. నేను చెవి పెట్టి చోటు చూపిస్తే ఆమె నిచ్చెనెక్కి సబ్బు నురగ పూసేది. బుడగ లేస్తే ఎర్ర ట్యాగు కట్టేది. సబ్బుకు మా దగ్గర కరువా? మధ్యాహ్నానికి అరవై ఒక్క ట్యాగులయ్యాయి. చివరికి కాగితం చుట్టే హాలుకొచ్చాం, నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

ఎందుకంటే అక్కడున్న లీకు నేను పెట్టిందే.

పందొమ్మిదేళ్ల కిందటి మాట. మా ఆవిడ ఆ హాల్లోనే పనిచేస్తుంది, అప్పుడు అయిదో నెల. ఆమె సీటు పక్కనే కాగితం అంచులు అతికించే ఇనప పట్టీ ఉంటుంది, పొయ్యిలా కాలుతూ. ఫ్యాన్ పెట్టమని అప్పటి సూపర్‌వైజర్‌ను అడిగాను. ఫ్యాన్ పెడితే కాగితాలన్నీ ఎగిరిపోతాయి పొమ్మన్నాడు. అతనన్నదీ నిజమే. అందుకే ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఆమె సీటు పైనున్న పైపుకు సూదంత కన్నం పెట్టి, దానికి సన్నటి రాగి గొట్టం బిగించి ఆమె మెడ వైపు వంచి, చప్పుడు తెలియకుండా గొట్టం మూతికి గుడ్డ చుట్టాను. పైపు రంగులో కలిసిపోయేలా పైన నీలం రంగు పూశాను. కాగితం కదలదు, మనిషికి మాత్రం చల్లగా తగులుతుంది. ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా. మంచిమాట ఒక్కటి నోటితో చెప్పడం నాకు చేతకాదు, చేత్తో చేయమంటే ఏదో చేస్తాను.

ఆ అమ్మాయి ఇక్కడేమైనా వినిపిస్తోందా అని అడిగింది. గుడ్డ చాటున కూడా అది నా చెవిలో రంపంలా కోస్తోంది. ఏమీ లేదన్నాను. నా చెవుల మీద నమ్మకంతో ఆమె మరో మాట లేకుండా నిచ్చెన మడిచేసింది. ఆ కన్నం మూస్తే మా ఆవిడ మళ్లీ ఆ సెగలో కూర్చోవాలి, మూయకపోతే నేను అబద్ధాలకోరును. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

రెండు వారాల్లో అరవై ఒక్క లీకులూ మూసేశాం. భోజనాల వేళ మరలన్నీ ఆగాక కంప్రెసర్ కూడా విశ్రాంతి తీసుకోవాలి. అది మాత్రం అయిదు నిమిషాలకోసారి లేచి కూర్చుంటోంది, అంటే ఇంకా ఎక్కడో గాలి కారుతోందన్నమాట. ఆ అమ్మాయి మూడు రోజులు గడియారం పట్టుకుని దాని ముందు స్టూలు మీద కూర్చుంది. శుక్రవారం పెద్దాఫీసుకు నివేదిక పంపాలి. ఆమెను ఉద్యోగంలో ఉంచేదీ లేనిదీ తేల్చేది కూడా ఆ నివేదికే.

“తప్పు నాదే అయ్యుంటుంది బాబాయ్. నాకు ఈ పని రాదేమో,” అంది, తల ఎత్తకుండా.

పనొచ్చిన పిల్ల చేత పని రాదనిపించాను. ఆమెను హాలుకు తీసుకెళ్లి, పైపు చూపించి, ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నిచ్చెనెక్కి కన్నం కొలిచింది. నేను పెట్టింది సూదంత, ఇన్నేళ్లలో అది ఏకు మేకై కూర్చుంది, మూడు మిల్లీమీటర్లు. కాగితం మీద ఏదో రాసుకుని నా వైపు తిరిగింది.

“ఒక్క మనిషికి గాలి తగలడానికి నలభై ఫ్యాన్ల కరెంటు బాబాయ్,” అంది. నవ్వు ఆపుకోలేక నిచ్చెన పట్టుకుంది.

మేనేజర్ దగ్గరికి మాత్రం ఇద్దరమూ నవ్వుతూ వెళ్లలేదు. నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన అంతా విని, కన్నం ఈ రోజే మూసేయమన్నాడు. సెగకు ఏం చేద్దామని ఆ అమ్మాయినడిగాడు. ఆ వేడి పట్టీలకు తొడుగులు వేస్తే సెగ బయటికి రాదు, పట్టీ తాగే కరెంటూ తగ్గుతుంది, పద్నాలుగు సీట్లకూ వేయిద్దామని ఆమె ముందే రాసుకుని తెచ్చింది. ఇకపై నెలకో ఆదివారం లీకులు వెతికే పని నాకే అప్పగించాడు. దొంగ చేతికే తాళాలిస్తున్నానన్నాడు కానీ మొహంలో కోపం లేదు.

పానా, బిగింపు పట్టీ తీసుకుని హాలుకెళ్లాను. భోజనాల వేళ, మా ఆవిడ తన సీట్లోనే ఉంది. నిచ్చెన మీద నుంచే, ఆమె మొహం చూడకుండా, ఇక నీకు ఈ గాలి రాదు, ఇన్నాళ్లూ నేనే పెట్టాను, వేడి పట్టీలకు తొడుగులొస్తున్నాయిలే అని గబగబా చెప్పేశాను.

ఆమె చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. “నాకు తెలుసు. ఆ రోజు మీ చొక్కా కాలరుకు నీలం రంగుంది. ఉతికింది నేను కదా.”

“మరి ఎప్పుడూ అనలేదే?”

“ఏమనను? ఎండాకాలం బాగానే ఉండేది. చలికాలం ఆ గాలికి మెడ పట్టేసేది.”

మెడ పట్టేసినప్పుడల్లా నూనె కాచి రాసింది నేనే. పని ఎక్కువై అనుకునేవాణ్ణి. అలాంటప్పుడు సీటు మార్చమని అడగొచ్చు కదా, అడిగితే వెంటనే మార్చేవాళ్లు కదా అన్నాను.

“మీరు పెట్టిన గాలి, ఇంకొకరికెందుకు ఇస్తాను?” అంది.

నాకు సిగ్గేసింది, పట్టరాని సంతోషమూ వేసింది. పైపు మీద బిగింపు పట్టీ ఉంది, చేతిలో పానా ఉంది. ఇరవై నాలుగేళ్ల అనుభవమున్న మేస్త్రీని, ఎటు తిప్పితే బిగుస్తుందో కాసేపు గుర్తు రాలేదు.