ఒంటికాలి చక్కెర బొమ్మ

బేకరీ వ్యాను తాళంచెవి చేతికొచ్చిన నాటి నుంచి ఆ పిల్లను అందరూ తూనీగ అనే పిలిచేవారు. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలగడమే ఆలస్యం, వ్యాను ఎగిరి ముందుకు దూకేది. ఎర్ర దీపం కనబడితే దాని కిందిదాకా అదే వేగంతో వెళ్ళి, అక్కడ బ్రేకు మీద లేచి నిలబడేది. వ్యానులో ఎకో, నార్మల్, స్పోర్ట్ అని మూడు మోడ్‌లున్నాయి. మొదటి రెండూ ఎందుకున్నాయో తూనీగకు ఎన్నడూ అర్థం కాలేదు. బన్నులు మోసే బండికి మూడోది ఎందుకో ఆమె అక్కకు అర్థం కాలేదు.

బేకరీ అక్కది. బావ అక్కడే కేకుల మీద పువ్వులూ లతలూ దిద్దుతాడు. అక్క నోరు, తన చెయ్యి, మరదలి కాలు, ఈ మూడింటి మీదే దుకాణం నడుస్తోందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. మూడింట్లోనూ మెల్లగా పనిచేసేది ఆయన చెయ్యొక్కటే.

ఒక ఆదివారం అక్క పెట్రోలు బంకు నుంచి వచ్చి తాళంచెవిని బల్ల మీద ఠకీమని పెట్టింది.

"ఇది బండి కాదే, తాగుబోతు. ఎంత పోసినా చాలదు. సరుకు మేం చేరవేస్తామని బయటి కంపెనీ వాళ్ళు వెంటపడుతున్నారు. ఇవాళ ట్యాంకు నిండా పోయించాను. శనివారం ఆఖరి ఆర్డరు దాకా వస్తే సరేసరి. మధ్యలో ఆగిందో, బండి అమ్మేస్తాను. నువ్వొచ్చి కౌంటర్ దగ్గర నిలబడు."

కౌంటర్ అంటే తూనీగకు హడలు. వ్యాను ఎక్కకముందు ఆ అద్దాల పెట్టె వెనక ఏళ్ళ తరబడి నిలబడింది. ఒకరి ఆర్డరు ఇంకొకరికి కట్టిచ్చి, పూటపూటా అక్క చేత చీవాట్లు తిన్న చోటు అది. వ్యాను ఎక్కాకే తనకూ ఒక పని చేతనవునని తెలిసింది. దాన్ని వదులుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

సోమవారం పొద్దున్నే ఎకో బటన్ నొక్కి, ఇక పెట్రోలు సంగతి అదే చూసుకుంటుందని నిశ్చింతగా బయలుదేరింది. బండి మాత్రం నిద్రలో నడుస్తున్నట్టు కదిలింది. ఎకోలో పెడల్ కాస్త తొక్కితే ఇంజన్ నింపాదిగా అందుకుంటుంది. తూనీగకు అంత ఓపిక లేదు కనుక ఇంకాస్త గట్టిగా తొక్కింది. పైగా రెండు వీధులకోసారి స్పీకర్‌లో అక్క గొంతు. "ఎక్కడున్నావే? ఇంకా అక్కడేనా?" ఆ గొంతు వినబడితే చాలు, కాలు దానంతటదే కిందికి దిగిపోయేది. మంగళవారం సాయంత్రానికే పెట్రోలు ముల్లు సగానికి దిగింది.

"బటన్ నొక్కాను బావా. ఏం లాభం లేదు," అంది ఏడుపు గొంతుతో.

బావ క్రీము గొట్టం పక్కన పెట్టాడు. "బటన్ ఒకటి చెబుతోంది, నీ కాలు ఇంకొకటి చెబుతోంది. పాపం, బండి ఎవరి మాటని వింటుంది? కాలు బరువైంది కాబట్టి దాని మాటే వింటుంది."

ఆ మాటకు తూనీగ ఒళ్ళు మండింది. కోపం ఎకో మీదికి మళ్ళి, బుధవారం దాన్ని తీసేసి నార్మల్‌లో పెట్టింది. ఆ రోజు మూడంతస్తుల పెళ్ళి కేకును ఊరవతల హాలుకు చేర్చాలి. కేకు బండిలో ఉన్నంతసేపూ ఎవరూ ఫోన్ చేయకూడదన్నది అక్క పెట్టిన నియమమే. తూనీగ ఊపిరి బిగబట్టి నడిపింది. దూరాన ఎర్ర దీపం కనబడగానే కాలు తీసేసి బండిని దాని మానాన దొర్లనిచ్చింది. దగ్గరికి వెళ్ళేసరికి పచ్చ పడేది, బ్రేకు అవసరమే వచ్చేది కాదు. హాలు ముందు ఆగి చూస్తే, ముల్లు ఉన్నచోటే ఉంది. పాడైందేమోనని వేలితో అద్దం మీద కొట్టి చూసింది. ముల్లు బాగానే ఉంది.

తిరుగుదారిలో అదే కాలితో ఎకో పెట్టి చూసింది. ఈసారి బండి మొండికేయలేదు. మిట్ట దగ్గర మాత్రం ఈడవలేక మూలిగితే నార్మల్‌కు మార్చి, పైకెక్కాక మళ్ళీ ఎకోకు వచ్చింది. ఆ పూటంతా ఆమె మొహం వెలిగిపోయింది.

"కేకు లేకపోతే నా కాలు మాట వినదు బావా. ఏదైనా చేసిపెట్టు."

మర్నాడు పొద్దున బావ చక్కెరతో బొమ్మ చేసి తెచ్చి, వ్యాను వెనక అరలో నిలబెట్టాడు. రెండు జడలు, చాచిన చేతులు, నిలబడడానికి ఒకే ఒక్క కాలు. అచ్చం తూనీగే. "ఈవిడ ఇన్‌స్పెక్టరమ్మ. నువ్వు ఎగిరితే ఈవిడ పడుతుంది."

వీధి మలుపు తిరగకముందే ఇన్‌స్పెక్టరమ్మ తల ఊడింది. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది మరి. బావ విసుక్కోకుండా ఇంకో బొమ్మ చేశాడు. తూనీగ ఫోన్ నోరు నొక్కి సొరుగులో పడేసింది. రెండో ఇన్‌స్పెక్టరమ్మ గురువారం నిలబడింది, శుక్రవారమూ నిలబడింది. ఫోన్ ఎత్తడం లేదని అక్క ఒకటే సణుగుడు.

శనివారం సాయంత్రం ముల్లు ఎర్ర గీతకు ఆనుకుంది. ఊరి చివరి హోటల్‌కు బ్రెడ్డు చేరిస్తే పని అయిపోయినట్టే. అక్క చేతులు దులుపుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "నేనూ వస్తాను. తాడో పేడో నా కళ్ళ ముందే తేలిపోవాలి."

మొదటి సిగ్నల్ దగ్గరే మొదలుపెట్టింది. "పచ్చ పడిందే, పోనీ." తరవాతి దగ్గర, "ఆగకు, దూరిపో. అదుగో, స్కూటరువాడు కూడా దాటేశాడు." తూనీగ కాలు ఒక్క క్షణం జివ్వుమంది. తొక్కితే గోల వదులుతుంది. వెనక అరలో ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ గుర్తొచ్చి, పళ్ళు బిగించి నిదానంగానే కదిలింది. అప్పుడు కంటి చివర ఏదో కదిలినట్టయి పక్కకు చూసింది.

"అక్కా, నీ కాలు చూసుకో."

అక్క కిందికి చూసింది. పెడలూ ఏమీ లేని చోట ఆమె కుడికాలు కింద పరిచిన పట్టాను మడత పడేలా తొక్కుతోంది.

"నేను ఫోన్ చేసినప్పుడల్లా నీకు ఇలాగే..."

"చేసినప్పుడల్లా, అక్కా."

అక్క రెండు కాళ్ళూ సీటు కిందికి ముడుచుకుంది. చెల్లెలిది దుడుకు కాలని ఇన్నాళ్ళూ తను ఊరంతా చెప్పుకు తిరిగినందుకు ఆమెకు నిజంగానే సిగ్గేసింది. హోటల్‌లో బ్రెడ్డు దించుకున్న మనిషి గడియారం వైపైనా చూడలేదు. తిరిగొస్తుంటే, పెట్రోలు అడుగంటిందని ముల్లు పక్కన నారింజ దీపం వెలిగింది. ఇద్దరూ దాని వంకే చూస్తూ, నోరు మెదపకుండా, దొర్లుకుంటూ దుకాణం ముందుకు వచ్చారు. బండి దానంతటది ఆగలేదు. తూనీగ తాళంచెవి తిప్పితేనే ఆగింది.

"సోమవారం నుంచి ట్రేలు ముందే సర్ది పెడతాను," అంది అక్క. "నువ్వు నీ దారిన నింపాదిగా వెళ్ళు. నేను ఫోన్ చెయ్యను. చేసినా ఎత్తకు."

అరలోంచి చక్కెర బొమ్మను తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా లోపలికి పట్టుకెళ్ళింది. బావ దాన్ని తినడానికి చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటిచ్చి, కౌంటర్ వెనక తూనీగ ఒకప్పుడు నిలబడిన చోట నిలబెట్టింది.

"ఇక్కడ ఇది నిలబడుతుందిలే," అంటూ తాళంచెవిని చెల్లెలి చేతిలో పెట్టింది.