ముందు గంట, తర్వాత ఇంజను

ఇంజను సిద్ధమై నెల దాటింది. అయినా ఒక్కసారి కూడా తిప్పి చూడలేదంటే ఏ మెకానిక్కూ నమ్మడు. ఇంకెవరి సంగతో అయితే ఐలయ్యా నమ్మేవాడు కాదు. అరవై నాలుగేళ్ల వయసులో, ఇంచుమించు తన ఈడుదే అయిన మిలిటరీ ఫైరింజనును బోల్టు బోల్టుగా విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించాడు. తీరా స్టార్టరు నొక్కకుండా రోజూ దాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు.

ఇదంతా భీమశంకరరావు గారి పట్టుదల. పిఠాపురం దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే వాయుసేనలో చేరి, ఈ బండి మీదే పదకొండేళ్లు ఫైర్‌మన్‌గా పనిచేసిన మనిషి ఆయన. రిటైరై శంషాబాద్‌లో స్థిరపడ్డాక కూడా దీని చాసిస్ నంబరు చీటీని జేబులోంచి తీయలేదు. చివరికి కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ వెనక, తుమ్మ చెట్ల మధ్య, నీళ్ల ట్యాంకరుగా అరిగిపోయి పడివున్న దాన్ని పట్టుకుని, కొత్వాల్‌గూడలోని ఐలయ్య షెడ్డుకు లాగించుకొచ్చాడు. దించిన రోజున బంపరు మీద చెయ్యేసి, "ఏమే, బాగున్నావా?" అని అడిగాడు. బండి ఏం చెప్పిందో ఆయనకే తెలియాలి.

ఆయన అన్నిటికీ సర్దుకున్నాడు. అసలు టైర్లు దొరకలేదంటే సరేనన్నాడు. ఒక్క గంట దగ్గర మాత్రం మొండికేశాడు. డ్రైవరు తలుపు పక్కన ఇత్తడి గంట ఉండాల్సిన చోట ఇనుప పట్టీ ఒక్కటే మిగిలింది.

"ముందు గంట, తర్వాత ఇంజను, ఆ తర్వాత నీళ్లు. పదకొండేళ్లు ప్రతి పొద్దునా ఆ వరసలోనే బండిని లేపామయ్యా. గంట మోగకుండా ఇంజను తిప్పితే అది లేచినట్టు కాదు."

"కొత్త గంట పోయిద్దాం సార్," అన్నాడు ఐలయ్య ఒకసారి.

"కొత్త గంట నన్నెరుగుతుందా?" అన్నాడాయన. ఇక ఆ మాట మళ్లీ రాలేదు.

పాత ఇనుప సామాను కొట్లన్నీ తిరిగాడు పెద్దాయన. డెబ్బై ఎనిమిదేళ్ల ఒంటితో ఆటోలెక్కి, దిగి, ఆయాసపడుతూ వచ్చి, "ఇవాళా దొరకలేదోయ్," అని స్టూలు మీద కూలబడేవాడు. అప్పుడు ఐలయ్య తల వంచుకుని, ఏ పనీ లేకపోయినా స్పానర్లు తుడిచేవాడు.

ఆ గంట ఎక్కడుందో ఐలయ్యకు తెలుసు. షెడ్డు నుంచి అరమైలు ఉండదు. వేపచెట్టు కింద పోచమ్మ గుడి ముందర వేలాడుతోంది.

నలభై ఏళ్ల కిందటి మాట. అప్పుడు ఐలయ్య శంషాబాద్‌లో ఒక పాత సామాన్ల కొట్లో కూలికి బండ్లు విప్పేవాడు. మిలిటరీ వేలంలో కొన్న ఈ బండి ఆ కొట్టుకే వచ్చింది. ఇంట్లో రెండేళ్ల కూతురు ప్రేమలతకు తల్లి పోసింది. ఒళ్లంతా పొక్కులు, మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. బిడ్డను బతికిస్తే గంట కడతానని పోచమ్మకు మొక్కుకున్నాడు. మొక్కు ముందే చెల్లిస్తే తల్లి తొందరగా వింటుందని ఆ తండ్రి గుండెకు తోచింది. కొట్టు యజమాని అన్నానికి వెళ్లిన వేళ మూడు బోల్టులు విప్పాడు. నాలుగోది కదలకపోతే రంపంతో కోశాడు. గంట గుడికి చేరిన మర్నాడు పిల్ల కళ్లు తెరిచి రొట్టె అడిగింది.

అంతే, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత బండి షెడ్డులోకి వచ్చిన రోజున ఆ కోసిన బోల్టు మొండెం పట్టీలో అలాగే కనిపించింది. చెబితే ఐలయ్య దొంగవుతాడు. దానికి సిద్ధపడొచ్చు. కానీ ఆయన తన గంట తనకిమ్మంటే? తల్లికి ఇచ్చినది వెనక్కి తెచ్చుకోవడమా? ప్రేమలత నుదుటి మీద ఆ రెండు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పైన ఆలోచించడానికి అతనికి ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నాలు బండి సీట్లోనే కునుకు తీసేవాడు. కునుకులో ఎప్పుడూ ఒకటే కల. బండి దానంతటదే కదిలి హిమాయత్ సాగర్ నీళ్ల మీదకు వెళుతుంది. టైర్లు తడవవు. విమానాలు రెక్కలు ముడుచుకుని, సాయంత్రం ఇంటికి మళ్లిన గొడ్లలా దాని వెనక వరసగా నడుస్తాయి. గంట మాత్రం మోగదు. మోగేలోపే మెలకువ వచ్చేది.

ఆషాఢం వచ్చింది. ఎప్పుడూ పగలు పదకొండు దాటాక వచ్చే పెద్దాయన, ఒకనాడు నిద్ర పట్టలేదంటూ తెల్లవారుతుండగానే దిగాడు. సన్నగా ముసురు. ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానాలు మబ్బులో ముందు దీపాలుగా కనిపించి, తర్వాత విమానాలై కిందికి దిగుతున్నాయి. తలుపు మీద నంబరు రాయడానికి ప్రేమలత బ్రష్షులతో వచ్చింది. ఆమెకు శంషాబాద్‌లో బోర్డులు రాసే దుకాణం ఉంది. ఐలయ్య చాయ్ పోశాడు.

సాగర్ వైపు నుంచి గాలి తిరిగింది. గాలితో పాటు గంట.

పెద్దాయన గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. చెవిలో మిషను పెట్టుకున్నా నెత్తి మీది విమానం సరిగ్గా వినబడని మనిషి, గంట వైపు ముఖం తిప్పాడు.

"ఎక్కడిదయ్యా అది?"

"ఏదో గుడిది సార్, పొద్దుగాల పూజకే కొడ్తరు," అన్నాడు ఐలయ్య.

మళ్లీ మోగింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ముఖం మీది ముడతలన్నీ మెత్తబడి, పద్దెనిమిదేళ్ల కుర్రవాడెవరో లోపలి నుంచి తొంగిచూసినట్టయింది. కాసేపటికి తనలో తానే నవ్వుకున్నాడు.

"అచ్చం మా గంటలాగే ఉంది సుమా. పిచ్చి కాకపోతే ఏమిటి? వెతికి వెతికి చెవులు కూడా నన్ను మోసం చేస్తున్నాయి. ఇక వాటినీ నమ్మకూడదు కాబోలు."

ఐలయ్య అన్నిటికీ తట్టుకున్నాడు గానీ ఆ మాటకు తట్టుకోలేకపోయాడు. నిజం విన్న చెవులను పట్టుకుని ఆ పెద్దమనిషి అబద్ధమనుకుంటున్నాడు.

"మీ చెవులు మంచిగనే ఉన్నయి సార్," అన్నాడు. "అది మీ గంటనే. నేనే తీసిన."

ఇక దాచలేదు. పొక్కులు, మొక్కు, రంపం, అన్నీ చెప్పాడు. ప్రేమలత బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"గీ ముచ్చట నాకెన్నడు చెప్పలేదేంది బాపు?"

"ఏమని చెప్పాలె బిడ్డా? నీ పానం కోసం దొంగతనం చేసిన అని చెప్పాల్నా?"

పెద్దాయన ప్రేమలత నుదుటి వైపు ఒకసారి చూశాడు. గొడుగు తీసుకుని లేచి, ముసురులో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన గ్లాసులో చాయ్ చల్లారిపోయింది.

మర్నాడు అదే వేళకు తిరిగి వచ్చాడు. పాత ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. జేబులో ఇత్తడి పాలిష్ డబ్బా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. "బండిని గుడి దాకా లాగించు," అన్నాడు. ఇక తప్పదనుకున్నాడు ఐలయ్య. ఎలాగూ గంటను విప్పాలి కాబట్టి పరాయి చెయ్యి పడకూడదని స్పానరు తానే నడుములో దోపుకున్నాడు. ట్రాక్టరు వెనక బండి నిద్రలో నడిచినట్టు నడిచింది.

నలభై బోనాల పసుపు, కుంకుమ గంట మీద పొరలు కట్టాయి. పెద్దాయన చెప్పులు విడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పదకొండేళ్లు రోజూ పొద్దున్నే దాన్ని అద్దంలా తోమిన చెయ్యి అది. మరో చెయ్యి జేబులోని డబ్బా దాకా వెళ్లి, ఊరికే తిరిగి వచ్చింది. ఐలయ్య స్పానరు చాపాడు. ఆయన దాన్ని తీసుకోలేదు. రెండో జేబులోంచి ఒక తాడు తీశాడు. పేటలు పేటలుగా అల్లిన తెల్లతాడు, పాతబడి పసుపు రంగు తిరిగింది.

"బదిలీ అయిన రోజు గంట తాడు విప్పుకుని పెట్టెలో దాచేశాను. స్టోర్సులో పోయిందని రాయించాను. గంట నువ్వు ఎత్తుకెళ్లావు, తాడు నేను ఎత్తుకెళ్లాను. దొంగలిద్దరం ఇన్నాళ్లకు కలిశామయ్యా."

మునివేళ్ల మీద నిలబడి తాడును గంట నాలుకకు కట్టాడు. తర్వాత కొసను ప్రేమలత చేతికిచ్చాడు.

"నువ్వు కొట్టమ్మా. ఇది నీ గంట."

ప్రేమలత తాడు లాగింది. గంట ఖంగుమంది. పెద్దాయన అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఐలయ్య బండెక్కి స్టార్టరు నొక్కాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి మూలిగింది. మూడోసారి బండి ఒళ్లంతా కదిలి, నల్లటి పొగ వదిలి లేచి కూర్చుంది. పంపు ట్యాంకులోని నీళ్లను అందుకుని గొట్టంలోకి తోసింది. నీళ్లు ముసురును చీల్చుకుని వేపచెట్టు పైదాకా లేచాయి. పైన విమానం ఒకటి ఆ నీళ్లలోంచే దిగుతున్నట్టు దిగింది. చెట్టు మీంచి జారిన నీళ్లకు గంట మీది పసుపు కరిగి, ఒక పక్క ఇత్తడి బయటపడి మెరిసింది.

ఐలయ్య స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. నలభై ఏళ్ల బరువు దిగింది మరి, ఏడవడా?

కళ్లు తుడుచుకుని కిందికి దిగాక, తలుపు పక్కన ఇనుప పట్టీ వైపు చూశాడు.

"గీ జాగ ఖాళీగనే ఉంటది కద సార్? గంటేదని ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

పెద్దాయన పాలిష్ డబ్బాను బండి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"డ్యూటీలో ఉందని చెప్పు," అన్నాడు.