మంత్రసాని మనవరాలు

చౌడేపల్లెలో సగం ఊరికి బొడ్డు కోసిన చెయ్యి పాపక్కది. అలాంటి మనిషిని పాలకేంద్రం గడప తొక్కనీయడం లేదంటే మనవరాలు చంద్రికకు ఒళ్ళు మండదా మరి! పాలకేంద్రం నడిపే గోవిందప్ప ఆవు ఉన్నట్టుండి పాలు చేపడం మానేసింది. దానికి పాపక్క కన్నే కారణమట. “అది మంత్రసాని గాదప్పా, మంత్రగత్తె” అని ఊరంతా చాటాడు మహానుభావుడు. వారం నుంచి ముసలామె పాలన్నీ ఇంట్లోనే తోడు పెడుతోంది.

అది 2005. మదనపల్లెలో డిగ్రీ చదివే చంద్రిక, కుప్పంలో జరిగే వ్యాసాల పోటీకి మంత్రసానుల గురించి రాయాలని పుంగనూరు నెట్ సెంటర్లో కూర్చుంది. తెలుగు మీడియం పిల్ల. మంత్రసానిని ఇంగ్లీషులో ఏమంటారో తట్టక స్నేహితురాలు సుష్మను అడిగింది.

“మంత్రాలంటే ‘విచ్’ అనే గదా, అదే కొట్టు” అంది సుష్మ.

కొట్టింది. ఖర్మ! తెర నిండా మంత్రగత్తెల చరిత్రే. చెట్టూ పుట్టా కొలిచిన పాతకాలపు జనం సంగతులు, ఎవరైనా ఊరికే చదువుకోండని పెట్టిన పుస్తకాలు. మూసేయబోయి ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. డిక్షనరీ తిరగేస్తూ చదివింది. సముద్రాల అవతల, నాలుగొందల ఏళ్ళ కిందట, ఆవు పాలివ్వలేదని ఒక ముసలమ్మను ఉరి తీశారు. ఆమె పురుళ్ళు పోసే మనిషి.

చంద్రికకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ పేజీ ప్రింటు తీయించుకుని తిన్నగా బస్సెక్కింది.

సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ ఉన్న వేళ, పాలచెంబుతో వచ్చిన అవ్వ చెయ్యి పట్టుకుని గోవిందప్పకు ఎదురుగా నిలబడింది.

“మామా, నువ్వు చెప్పిన మాటే ఈడ అచ్చేసుండాది సూడు. ఆడెక్కడో ఇట్లనే పురుళ్ళు పోసే ముసలామెను ఉరి తీసినారు. నువ్వేం చేస్తావు? నీ బొడ్డు కోసిన చెయ్యి ఇదే గదా!”

గోవిందప్ప నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ ముందుకొచ్చింది. “రెండు దినాలు కడుపులో అడ్డం తిరిగి నన్ను సంపితివి కదరా! ఈయమ్మ లేకుంటే నువ్వూ లేవు, నేనూ లేను. జరుగు పక్కకు!”

గోవిందప్ప తల వంచుకుని జరిగాడు. పాపక్క పాలు పోసింది.

తిరిగి వస్తుంటే చంద్రికకు ఛాతీ ఉప్పొంగుతోంది. ఇలాంటి అవ్వ ఇంకెవరికుందని!

“వాళ్ళు ఉరి తీసిన ఆ ముసలామెకు మనవరాలు లేదంటనా?” అడిగింది పాపక్క.

“ఈ కాగితంలో రాయలేదవ్వా.”

“ఉండుండదులే. నీ మాదిరిది ఉండింటే బతికిపోయుండును.”