ఎదురొచ్చినవాళ్లంతా పైకి చూపించారు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. డెల్మర్ తన ఇల్లుబండిని, అంటే వంటా పడకా అన్నీ లోపలే ఉన్న మోటారు బండిని, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం మీదుగా పడమటికి తోలుతున్న రోజది. ఇల్లుబండ్లవాళ్లు ఎదురుపడితే చెయ్యి ఊపుకోవడం ఆనవాయితీ. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచీ ఎదురొచ్చినవాళ్లంతా వేలు పైకి చూపి నవ్వుతున్నారు.

"మన పాత బండంటే వీళ్లకి వెటకారం," అన్నాడు డెల్మర్.

"ఓసారి ఆపి పైన చూడవయ్యా," అంది భార్య ఐలీన్.

"బయల్దేరేముందు చుట్టూ తిరిగి చూశాగా! ఏదైనా మరిచిపోయుంటే రేపటి నుంచి స్టీరింగు నీదే."

ఆ స్టీరింగు అతను ఎవరికీ ఇచ్చి ఎరగడు. అందుకే ఎక్కడా ఆపలేదు. ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తి చూపేసరికి అనుమానం ఐలీన్ మీదికి మళ్లింది.

"నువ్వే వీళ్లకేదో చెప్పుంటావు!"

"అవును, నీ పక్కనే కూర్చుని దేశమంతా చాటింపు వేశాను."

సాయంత్రం పెట్రోలు బంకు కప్పు కిందికి దూరగానే పైన ఫెళ్లుమంది. దిగి చూస్తే, నిన్న రాత్రి టీవీ కోసం బండి పైకప్పు మీద లేపిన యాంటెన్నా! దించడం మరిచిపోయాడు. అది వంగి వేలాడుతోంది. వెనకటి రాష్ట్రం అయోవా నుంచి దాని మీదే కూర్చుని వచ్చిన కాకి డెల్మర్‌ని తిట్టి మరీ ఎగిరిపోయింది.

ఐలీన్ చెయ్యి చాచింది. డెల్మర్ తాళాలిచ్చాడు.

యాంటెన్నా నిజం, తాళాలు నిజం. కాకిని మాత్రం నేనే ఎక్కించాను.