గోడ మీది గార్డు

గంగులు చీల్చిన వెదురుపుల్లను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, ఎర్రమట్టి గోడ మీద గుర్రానికి నాలుగో కాలు గీశాడు. తెల్లవారినప్పటి నుంచీ పస్తు. బొమ్మ పూర్తయ్యేదాకా రాసేవాడు మెతుకు ముట్టకూడదని సవరల ఆచారం. అరవై దాటిన ఒళ్లు, ఎండిన పిక్కలు. సీతంపేట కొండల్లో చచ్చిపోయినవాళ్లకు నలభై ఏళ్లుగా ఇలా గోడల మీద ఇళ్లు రాస్తున్నాడు. ఎందరినో గుర్రాలెక్కించాడు, ఎందరికో గొడుగులు పట్టించాడు. తనకు మాత్రం పోడు తవ్వడం, కట్టెలు మోయడం తప్ప ఇంకో వైభోగం తెలియదు.

ఈ బొమ్మ దాలయ్యది. పంతొమ్మిదివందల అరవై ఏడు వేసవిలో జ్వరంతో పడుకున్నవాణ్ణి ఫారెస్టు గార్డు లేపి సామాను మోయించాడు. గుక్కెడు నీళ్లయినా ఇవ్వలేదు. మర్నాడే ప్రాణం పోయింది. ఇప్పుడు అతని కూతురికి జ్వరం. ఉండటానికి చోటులేక దాలయ్యే పిల్లను పట్టుకున్నాడని, గోడ మీద ఇల్లు రాస్తే వదులుతాడని పూజలు చేసే ఎజ్జోడు చెప్పాడు.

"గుర్రం సాలదు మావా," అంది దాలయ్య పెళ్లాం బుల్లమ్మ. "ఆ గార్డుని కూడా రాయి. ఆడి నెత్తిన మూట ఎట్టు."

గంగులు పుల్లను మళ్లీ పిండినీళ్లలో ముంచాడు. తర్వాత టోపీ గీశాడు, మీసం గీశాడు, వంగిన మెడ మీద మూట గీశాడు. మూటను కావాలనే లావుగా చేశాడు. ఒళ్లు మండింది మరి!

మధ్యాహ్నం జీలుగుకల్లు ధారపోసి, కోడిని కోసి, దాలయ్యను గోడలోకి పిలిచారు. పిలిచాక ఆ గోడను ఎవరూ చెరపకూడదు. గంగులు మొదటి ముద్ద కలుపుతుండగా, మోతకు మనిషి కోసం వెతుకుతూ గార్డు గుమ్మంలోంచి తొంగిచూశాడు. గోడ మీద తన టోపీని గుర్తుపట్టాడు.

"ఎవడ్రా నన్ను గీసింది? తుడిసెయ్!"

"కల్లు పోసేసినాం బాబూ. అది దాలిగాడి ఇల్లిప్పుడు. నా సెయ్యి ఆడదు."

"తప్పుకో, నేనే తుడుస్తాను."

గంగులు గోడకు అడ్డంగా నిలబడ్డాడు. గార్డు ముందు తలెత్తి నిలబడటం అతనికి అదే మొదలు. మూల చాప మీద పిల్ల మూలుగుతోంది.

"నీకు మోసేవోడు కావాల. నానొస్తాను. గోడ జోలికెల్లకు."

కలిపిన ముద్ద ఆకులోనే వదిలి వెళ్లాడు. గార్డు రేకుపెట్టెను ఇద్దరు పట్టి నెత్తికెత్తాల్సి వచ్చింది. కొండ దిగుతూ గంగులు నీళ్లడిగాడు. "నడు," అన్నాడు గార్డు. అంత గొప్ప మనసు దొరగారిది! రెండో మలుపులో గంగులు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెట్టె పక్కకు ఒరిగి పడింది. అతను మళ్లీ లేవలేదు.

గూడెం జనం వచ్చి గంగుల్ని ఎత్తుకున్నారు. అప్పటికే పిల్ల లేచి గంజి తాగింది. ఆ మాట అతనికి చెప్పలేకపోయామని బుల్లమ్మ గుండెలు బాదుకుంది.

గార్డు పెట్టె పట్టమని అరిచాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు.

"ఏటి బాబూ, నీ పెట్టి నువ్వెత్తుకోలేవా?" అని బుల్లమ్మ శవం వెనకే కొండెక్కింది.

ఒక్కరూ వెనక్కి తిరగలేదు. తాళం వేసిన రేకుపెట్టె దారికి అడ్డంగా అక్కడే పడి ఉంది.